రెండు మళ్లు, ఒక ఒడ్డు

మాదంత కలిపి ఎకరం మీద పదిహేను గుంటలు.
కింది మడి కోసినం.
పై మడికి నారు చాలక ఇరవై రోజులు ఎనుకబడ్డది,
ఇంక పాలకంకి మీదనే ఉంది.
దానికి నీళ్లు గావాలె, దీనికి ఎండ గావాలె.
ఒక్క ఇంట్ల రెండు పొయ్యిలు.
నడుమ జానెడు ఒడ్డు.

మిషన్ కోసి పోయినంక
గడ్డి సాళ్లు సాళ్లుగ పడి ఉంటది.
పైన సూస్తె ఎండినట్టే,
చెయ్యి లోపలికి పెడితె ఇంక పచ్చి ఆవిరి.
మూడొద్దుల సంది మర్లేస్తున్న.
కొంకికట్టెతోని ఎత్తుడు, ఇదిలిచ్చుడు, బోర్లిచ్చుడు,
మెడల దురద, రెప్పల దుమ్ము.
పోయిన యాసంగి ఓపిక లేక సగమే మర్లేసిన.
బూజు పట్టిన ఆ కట్ట ముందల పెడితె
బర్రె వాసన సూసి, నన్ను సూసి, మొఖం తిప్పుకున్నది.
మా అత్త గూడ నన్ను ఎన్నడు గట్ల సూడలే.

కట్టల మిషన్ అఫ్జల్ పరకాల కెల్లి ఫోన్ చేసిండు:
"సూరక్కా, పట్టుకుంటె గలగలమంటుందా?
తడుంటె తాడు తెగుతది, నన్ను అనద్దు.
రేపు తొమ్మిదింటికి నీకాడికి.
తప్పితె మల్ల నాలుగొద్దులకే."
కట్టకు ముప్పై రెండు. బేరం లేదు.

గదే రాత్రి మాకు కాల్వ వంతు.
పదకొండు నుంచి మూడు దాక,
నీరటి దుర్గయ్య గడియారం ప్రకారం.
అది పది నిమిషాలు ముందల నడుస్తది.
ఊరందరికి ఎరుకే, ఎవ్వలం అనం.

నీళ్ల కన్న ముందు నీళ్ల వాసన వస్తది.
ఆ ఎనుక నురుగు, తుమ్మాకు,
ఎవరిదో ఒక రబ్బరు చెప్పు,
గప్పుడు నీళ్లు.
తెంపు కాడ పార ఏసి తొవ్వ ఇచ్చిన.
నెర్రెలిచ్చిన మడి సప్పుడు చెయ్యకుంట తాగింది,
ఉపాసమున్నోళ్లు మొదటి బుక్కకు మాట్లాడనట్టు.

పన్నెండున్నరకు ఫోన్ మోగింది.
ముందుగాల తుమ్ము, ఎనుక మాట.
మా ఆయన. ఏనుమాముల మార్కెట్ల హమాలి,
మిర్చి సీజన్ల వారానికోపారి ఇంటికొస్తడు.
"నీళ్లొచ్చినయా?"
"వచ్చినయ్."
"గడ్డి?"
"ఆగు," అన్న.

గుడగుడ.
మడి తాగే సప్పుడు కాదు.
లైటు నోట్ల పెట్టుకోని ఒడ్డు మీద ఉరికిన.
ఎండ్రికాయ తొలిచిన బొక్క, నా పిడికిలంత,
అందులకెల్లి పై మడి నీళ్లు
కింది మడిల గడ్డి కిందికి
దొంగ పిల్లి లెక్క పోతున్నయ్.

బురద ఏసిన, కరిగింది.
గడ్డపెల్ల పెట్టిన, కొట్టుకపోయింది.
కొంగు కుక్కుదామనుకున్న, పాతదైనా చీర చీరే.
ఒంగి చెయ్యి సాపితె దొరికింది గడ్డే.
మూడొద్దులు ఎండకు మర్లేసిన గడ్డి,
గలగలమనే గడ్డి.
సంకనిండ గుంజుకోని పురి పెట్టి
బురదల పొర్లిచ్చి బొక్కల దూర్చిన.
రెండు బర్రెల ఒక పూట మేత.
అది ఉబ్బింది. నీళ్లు ఆగినయ్.

ఆగినా నమ్మకం లేక
మడిమె దాని మీద ఆనిచ్చి కూసున్న
మూడు దాక.
కాలు సల్లబడ్డది, ఆ ఎనుక మొద్దుబారింది,
ఆ ఎనుక అది ఒడ్డుదో నాదో సమజ్ కాలే.
ఫోన్ ఎప్పుడు పెట్టేసిండో గూడ ఎరుక లేదు.

అఫ్జల్ తొమ్మిదింటికి రాలే, పదకొండింటికి వచ్చిండు.
అదే మంచిగైంది, మంచు ఆరింది.
మిషన్ సాళ్లెంబడి తిరుక్కుంట
ఎనుక నుంచి కట్టలు కన్నది, ఒక్కొక్కటే, గుండ్రంగ.
ఆ మూలకు మాత్రం పోలే.
"అక్కా, గీడ నల్లగైంది, ఏమైంది?"
"రాత్రి ఒడ్డు మేసింది," అన్న.
ఆయన నవ్వలే.
నలభై ఒకటి అని చేతి మీద పెన్నుతోని రాసుకున్నడు.

తడిసిన గడ్డిని ఒడ్డు మీద పలుచగ ఆరేసి
పై మడికి పొయ్యి ఒక గింజ నొక్కి సూసిన.
గోరు మీద తెల్లగ, పాలు.
ఇంకో వంతు గావాలె.